చీనా నూతన సంవత్సరపు విందునకు కొనిపోదగిన కానుక

పండుగనాడు ఒకరి యింటికి వట్టి చేతులతో పోరాదని మన పెద్దలు చెప్పుదురు. పసిపిల్లలున్న యింటికి, వృద్ధులున్న యింటికి, గురువు నొద్దకు, దేవుని సన్నిధికి పోవువారు పండో, పువ్వో, కనీసము రెండు తమలపాకులో చేత బట్టుకొని పోవుట మన యాచారము. ఇంతవరకు మన పిల్లలకు వేరుగా పాఠము చెప్పవలసిన పని లేదు. తల్లి సంచిలో పెట్టి పంపినదానిని వారు తీసికొని పోవుదురు. అయితే పిలిచినవారి భాష వేరైనప్పుడు, వారి పండుగ వేరైనప్పుడు ఏమి తీసికొని పోవలెనను ప్రశ్న పుట్టును. ఆ ప్రశ్నకు సమాధానము మన యింటి బీరువాలో దొరకదు. పిలిచినవారి మాటలలో వెదకవలెను.

ఈ వ్యాసమున మేము చీనీయుల నూతన సంవత్సరపు విందును ఉదాహరణముగా గ్రహించుచున్నాము. దీనికి రెండు కారణములు గలవు. మన బెంగుళూరు నగరమునుండి చదువునకు, ఉద్యోగమునకు సింగపూరు, మలేషియా దేశములకు పోవు కుటుంబము లనేకములు. అచ్చట చీనీయుల పొరుగు తప్పదు. విందునకు పిలుపును తప్పదు. ఇది మొదటి కారణము. చీనీయుల కానుకల మర్యాదలో పెద్ద భాగము పదముల ధ్వనిమీద ఆధారపడియున్నది. కావున భాష నేర్చుకొను విద్యార్థులకు ఇంతకంటె చక్కని పాఠము మరొకటి లేదు. ఇది రెండవ కారణము.

పండుగ స్వరూపము

చీనీయుల పంచాంగము మన పంచాంగమునకు దూరపు చుట్టము వంటిది. చంద్రునిబట్టి మాసములను, సూర్యునిబట్టి సంవత్సరమును లెక్కించి రెండింటిని సరిపుచ్చుట ఉభయులకును సమానము. మనకు అధికమాసము వచ్చునట్లే వారికిని అప్పుడప్పుడు పదమూడవ మాసము వచ్చును. మనకు ప్రభవ మొదలుకొని అక్షయ వరకు 60 సంవత్సరముల చక్రము కలదు. వారికిని 60 సంవత్సరముల చక్రమే. అందులో పండ్రెండేండ్ల కొకమారు తిరిగి వచ్చునట్లు పండ్రెండు జంతువుల పేర్లు సంవత్సరములకు పెట్టియున్నారు. 2025వ సంవత్సరమున జనవరి 29న సర్ప సంవత్సరము, 2026వ సంవత్సరమున ఫిబ్రవరి 17న అశ్వ సంవత్సరము ఆరంభమైనవి. ఈ పండుగ జనవరి నెల మూడవ వారము మొదలు ఫిబ్రవరి 20 వరకు గల దినములలో ఒక అమావాస్యనాడు వచ్చును. అనగా మన ఉగాదికి ఒకటి రెండు మాసములు ముందుగా వచ్చుననుకొనవచ్చును.

దీనిని వారు వసంతోత్సవమని పిలుచుకొందురు. 2024వ సంవత్సరమున యునెస్కో సంస్థ దీనిని మానవజాతి సాంస్కృతిక వారసత్వపు పట్టికలో చేర్చినది. పండుగ పదునైదు దినములు సాగి, పూర్ణిమనాటి దీపోత్సవముతో ముగియును. పండుగకు ముందే యిల్లు దులిపి కడిగి, వీలున్నంతవరకు అప్పులు తీర్చుకొందురు. పండుగనాడు మాత్రము చీపురు ముట్టరు. వచ్చిన భాగ్యమును ఊడ్చివేసినట్లగునని వారి భావము. ముందురాత్రి జరుగు భోజనము కుటుంబమునకు సంబంధించినది. దూరదేశములలో నున్న బిడ్డలు సైతము ఆ రాత్రికి తల్లిదండ్రులను చేరుకొందురు. పరులను పిలుచుట సాధారణముగా ఆ తరువాతి దినములలోనే. కావున ముందురాత్రి భోజనమునకే మనలను పిలిచినచో, మనలను ఇంటివారిలో జమకట్టినట్లు గ్రహింపవలెను.

చీనీయుల పొరుగున తెలుగువారు

బ్రిటిషువారి పాలనలో ఆంధ్రదేశపు తీరజిల్లాలనుండి అనేకులు మలయా దేశపు రబ్బరు తోటలకు, కొబ్బరి తోటలకు కూలికి పోయిరి. పేరా రాష్ట్రమునందలి బగాన్ దాతో ప్రాంతము తెలుగువారి నివాసముగా నేటికిని ప్రసిద్ధము. అచ్చటి తెలుగువారు 1955లో సంఘము నేర్పరచుకొని తమ భాషను కాపాడుకొనుచున్నారు. సింగపూరు తెలుగు సమాజము 1975లో స్థాపితమైనది. సింగపూరు పౌరులలో సుమారు నాలుగింట మూడు వంతులు చీనీయులే. ఆ రెండు దేశములలోను పండుగ వచ్చినవారు తమ వాకిలి తెరచి, అన్ని జాతులవారిని భోజనమునకు పిలుచుట వాడుక. దానిని ఓపెన్ హౌస్ అందురు. చీనా నూతన సంవత్సరమునకు తెలుగువారు చీనీయుల యింటికి పోవుదురు. దీపావళికి చీనీయులు తెలుగువారి యింటికి వత్తురు.

అంతదూరము పోనక్కరలేదు. మన దేశమున కలకత్తా నగరములో టిరెట్టా బజారు, టాంగ్రా ప్రాంతములు చీనీయుల పాత నివాసములు. పదునెనిమిదవ శతాబ్దము చివర టాంగ్ అచ్యూ అను చీనీయుడు హుగ్లీ తీరమున చక్కెర మిల్లు పెట్టెను. అతని పేర ఆ యూరు అచ్చిపూరై, నేటికిని కలకత్తా చీనీయులకు నూతన సంవత్సర యాత్రాస్థలముగా నున్నది. ఆ సంతతివారిలో చర్మకారులు, వడ్రంగులు, దంతవైద్యులు పేరుగాంచిరి. వారిలో కొన్ని కుటుంబములు బెంగుళూరునకు వచ్చి భోజనశాలలు, సౌందర్యశాలలు నడపుచున్నవి. 1962లో చీనాతో యుద్ధము వచ్చినప్పుడు ఈ దేశముననే పుట్టి పెరిగిన చీనా సంతతివారిని సుమారు మూడు వేలమందిని రాజస్థానములోని దేవలీ నిర్బంధ శిబిరమునకు తరలించిరి. కొందరు అచ్చట సంవత్సరములకొలది యుండవలసి వచ్చెను. అల్పసంఖ్యాకుల బ్రతుకు ఎంత సున్నితమైనదో మనము మరువరాదు. అట్టి యింటివారు మనలను పండుగకు పిలుచుట చిన్న విషయము కాదు. వారి ముఖమును, వారి మాటను, వారి భోజనమును పరిహసింపక వారి గడప దాటుటయే మన మొదటి కానుక.

మాటలో మంగళము

ఇక కానుకల విషయము. చీనీయులు గడియారము నీయరు, గొడుగు నీయరు అని వినగానే మన పిల్లలు నవ్వుదురు. నవ్వుటకు ముందు మన యింటి మాటలను ఒకసారి తలచుకొనవలెను.

ఇంట బియ్యము అయిపోయినప్పుడు మన తల్లులు "అయిపోయినవి" అనరు, "నిండుకొన్నవి" అందురు. దీపము ఆరిపోయినప్పుడు "కొండెక్కినది" అందురు. సెలవు తీసికొనునప్పుడు "పోవుచున్నాను" అనక "పోయి వచ్చెదను" అందురు. ఇవన్నియు ఎందులకు? పలికిన మాట నిజమగునను శంక మన వారికిని కలదు కనుక.

ధ్వనినిబట్టి కలుగు శంకయు మనకు క్రొత్త కాదు. ధాన్యము కొలుచువారు మొదటి కొలతను "ఒకటి" అనక "లాభము" అని మొదలుపెట్టుదురు. మన భాషలో "ఏడు" అన్నది ఒక సంఖ్య. "ఏడువు" మన్నను ఆ శబ్దమే వినబడును. అందుచేత కొలతలో ఏడు వచ్చినప్పుడు "ఆరున్నొక్కటి" అనుట పాత వాడుక. పిల్లవాడు ఏడ్చుచుండగా "ఆరున్నొక్క రాగము తీయుచున్నాడు" అను పలుకుబడి అందుండియే పుట్టినది. ఇప్పుడు మన పొరుగు కన్నడిగుని అడిగి చూడుడు. అతని భాషలో "ఏళు" అనగా ఏడు. "లెమ్ము" అనియు అర్థము. ఒకే సంఖ్య. గోడకు ఈవల నున్నవాని చెవికి ఏడుపు, ఆవల నున్నవాని చెవికి మేల్కొలుపు. సంఖ్యలో ఏడుపు లేదు, మేల్కొలుపును లేదు. అది వినువాని భాషలో నున్నది.

ఈ ఒక్క విషయము గ్రహించినవానికి చీనీయుల మర్యాద సగము తెలిసినట్లే.

ఈయరాని వస్తువులు

చీనా భాషలో ఒకే ధ్వని గల పదములు చాల గలవు. స్వరపు హెచ్చుతగ్గులచేతనే అర్థము మారునవి మరికొన్ని. కావున ఒక వస్తువు పేరు పలుకగానే మరియొక అర్థము చెవిలో మ్రోగుట అచ్చట సహజము.

గడియారము: దీనిని మాండరిన్ భాషలో "జోంగ్" అందురు. అంతము అను అర్థమునిచ్చు పదముకూడ "జోంగ్" అనియే పలుకబడును. "గడియారము నిచ్చుట" అను మాట వినుటకు "అంత్యకాలమున సాగనంపుట" అను మాటతో సమానము. మన వారు గృహప్రవేశమునకును, పదవీవిరమణ సభకును గోడగడియారమునే ముందుగా తలచుదురు. అదే వస్తువు చీనా వృద్ధుని చేతిలో పెట్టినచో, "నీ కాలము తీరినది" అని చెప్పినట్లగును.

గొడుగు: దీని పేరు "సాన్". చెదరిపోవుట అను అర్థముగల పదమును అట్లే వినబడును. స్నేహము చెదరునని శంక.

బేరిపండు: దీని పేరు "లీ". ఎడబాటునకును "లీ" అనియే పేరు. పండ్ల బుట్టలో బేరిపండ్లు లేకుండ చూచుకొనవలెను. ఒక పండును ఇద్దరు పంచుకొని తినుటకు సైతము కొందరు ఇష్టపడరు.

కత్తి, కత్తెర: ఇచ్చట ధ్వనితో పని లేదు. కోయు వస్తువు సంబంధమును కోయునని భావము. మన యిండ్లలో ఉప్పును, కారమును చేతికి చేయి అందింపక క్రింద పెట్టి తీసికొమ్మనుటవంటిదే యిది.

చేతిరుమాలు, తువ్వాలు: మన వారు పెద్దలకు శాలువయో, కండువయో కప్పి గౌరవింతురు. చీనీయులలో అంత్యక్రియలకు వచ్చినవారికి తువ్వాలు నిచ్చు వాడుక యున్నది. రుమాలు కన్నీరు తుడుచుకొనుటకు సంబంధించినది. పండుగనాడు ఇవి పనికిరావు.

తెల్లని బట్టలు, తెల్లని చామంతులు: తెలుపు చీనీయులకు మరణాశౌచపు రంగు. తెల్లని కాగితములో చుట్టిన కానుక ఎంత విలువైనదైనను మనస్సునకు ఇంపు కాదు. చామంతి చీనా దేశముననే పుట్టిన పుష్పము. అచ్చటివారు దానిని ప్రేమింతురు, ఎండబెట్టి తేనీరుగా కాచుకొందురు. అయినను కోసిన తెల్లచామంతుల గుత్తిని సమాధులయొద్ద నుంచుట వారి యాచారము. మన కాటన్‌పేటకు కూతవేటు దూరమునగల కృష్ణరాజేంద్ర మార్కెట్టులో చామంతులు కుప్పలుగా పోసి అమ్ముదురు; మన యే పూజయు అవి లేక సాగదు. అదే పువ్వు, అదే సువాసన. చేరిన చోటునుబట్టి మాట మారినది.

ఈయదగిన వస్తువులు

కమలాపండు: సింగపూరు, మలేషియా దేశములలో నూతన సంవత్సరమునకు పోవు అతిథి రెండు కమలాపండ్లు చేత బట్టుకొని పోవును. కాంటన్ ప్రాంతపు చీనీయుల మాటలో ఈ పండునకును, బంగారమునకును "గమ్" అనియే పేరు. కావున రెండు పండ్లనిచ్చుట బంగారము నిచ్చి దీవించుటతో సమానము. ఒక్కటి ఈయరాదు; జంటగా ఈయవలెను. సెలవు తీసికొనునప్పుడు ఇంటివారు వేరు రెండు పండ్లను మన చేతిలో పెట్టుదురు. దీనిని చూచి మన కానుక నచ్చలేదని భ్రమపడరాదు. మన పేరంటములో వాయన మిచ్చినవారును పుచ్చుకొన్నవారును ఉభయులు తృప్తి పొందునట్లే, ఆ మార్పిడిలో భాగ్యము రెండిండ్లకును చేరును. కొడగు కమలాపండ్ల రుచి తెలిసిన మన బెంగుళూరువారికి ఈ కానుక పరాయిది కాదు. అయితే విమానములో పండ్లు కొనిపోవుటకు ఆయా దేశముల నిబంధనలు వేరువేరుగా నుండును. కావున వానిని అచ్చటనే కొనుట మంచిది.

అనాసపండు: హొక్కియెన్ మాట్లాడువారు దీనిని "ఓంగ్ లాయ్" అందురు. "సంపద వచ్చుగాక" అన్నట్లు వినబడును. అనాసపాకము నింపిన చిన్న రొట్టెబిళ్లలు సింగపూరు, మలేషియాలలో ఈ పండుగకు తప్పనిసరి.

తీపి పదార్థములు: బియ్యపుపిండితో, చక్కెరతో చేసిన జిగురు రొట్టెను వారు "న్యెన్ గావ్" అందురు. "ఏటికేడు ఉన్నతి" అను అర్థము అందులో వినబడును. బియ్యపుపిండితో, బెల్లముతో అరిసెలు వండుకొను మనము ఆ రుచిని సులభముగా గ్రహింపగలము. మన తీపిని వారికి కొనిపోవుటయు యుక్తమే. మైసూరు పాకు బంగారు వన్నె గలది. కాకినాడ కాజాయు అట్టిదే. ఆత్రేయపురపు పూతరేకులు చూచుటకు తెల్లగా నుండును గనుక వానిని ఎఱ్ఱని పెట్టెలో పెట్టి, ఎఱ్ఱని దారము కట్టి ఇచ్చినచో శంక తీరును.

తేయాకు, ఎండుపండ్లు, జీడిపప్పు, పిల్లలకు చెన్నపట్టణపు లక్కబొమ్మలు, పెద్దలకు ఎఱ్ఱని పట్టుబట్ట మొదలైనవి అన్నివిధముల తగును. మత్స్యమునకు చీనా భాషలో "యూ" అని పేరు. సమృద్ధి యనియు దాని కర్థము వినబడును. కావుననే విందులో చేప యుండును. మత్స్యరూపము గల బొమ్మయో, చిత్రమో ఇచ్చుట మంగళకరము.

సంఖ్య, రంగు

మన వారు కట్నమిచ్చునప్పుడు నూటపదహార్లు, వెయ్యినూటపదహార్లు అని పైన పదహారు చేర్చుదురు. సున్నతో ముగియు మొత్తము మనకు శుభము కాదు. చీనీయులకు సరిసంఖ్యయే సంపూర్ణత. శుభకార్యమునకు పది, ఇరువది వంటి మొత్తములు వారికి చక్కగా సరిపోవును. బేసి మొత్తము మరణమున్న యింట తెల్లని లకోటాలో పెట్టి యిచ్చునది. కావున నూటఒక్క రూపాయల పద్ధతిని అచ్చటికి మోసికొని పోరాదు.

సరిసంఖ్యలలో నాలుగు మాత్రము వర్జ్యము. దాని పేరును మరణమను పదమును స్వరములో మాత్రమే భేదించును. కొన్ని భవనములలో నాలుగవ అంతస్తునకు ఆ సంఖ్యయే వేయరు. ఎనిమిది మిక్కిలి శుభము. కాంటన్ ప్రాంతపు పలుకుబడిలో అది అభివృద్ధియను మాటతో ప్రాస కలియును. నాలుగు లడ్డుల పెట్టెకు బదులు ఎనిమిది లడ్డుల పెట్టె కొనుటకు వ్యయము కొంచెము, ఫలము అధికము.

ఎఱుపు, బంగారు రంగులు మంగళకరములు. నూతన సంవత్సరమున పెద్దలు పిల్లలకు ఎఱ్ఱ లకోటాలో క్రొత్త నోట్లు పెట్టి యిత్తురు. దానిని మాండరిన్‌లో "హొంగ్ బావ్" అనియు, హొక్కియెన్‌లో "ఆంగ్ పావ్" అనియు అందురు. వివాహమైనవారు పిల్లలకును, వివాహము కానివారికిని ఈయవలెను. కావున విద్యార్థి యైన అతిథి ఈయనక్కరలేదు. తల్లిదండ్రులు కలిసి పోయినచో ఆ యింటి పిల్లలకొరకు ఒక్కొక్క లకోటా సిద్ధపరచుకొనుట మర్యాద. ఈ యాచారము పొరుగువారికిని ప్రాకినది. మలేషియాలో ముస్లిములు రంజాను పండుగకు పచ్చని లకోటాలలో పిల్లలకు డబ్బు ఈయసాగిరి. దీపావళికి హిందువులును అట్టి లకోటాలను వాడుచున్నారు. ఒక జాతి మర్యాద మరియొక జాతికి ఈ విధముగా కానుకయైనది.

ఇచ్చు విధానము

కానుకను రెండు చేతులతో ఈయవలెను. రెండు చేతులతో పుచ్చుకొనవలెను. ఇంటివారిలో పెద్దవారికి ముందుగా ఈయవలెను. వారు "ఇదంతయు ఎందులకు?" అని ఒకటి రెండుసార్లు కాదందురు. మన యింటికి చుట్టము పండ్లు తెచ్చినప్పుడు మనము "అయ్యో, ఇవన్నీ ఎందుకండీ" అనమా? ఆ మాటకు వెనుకకు తీసికొమ్మని అర్థము కాదు గదా! చిరునవ్వుతో మరల అందింపవలెను. పుచ్చుకొన్నవారు మన యెదుట దానిని విప్పి చూడక ప్రక్కన ఉంచినచో అది నిర్లక్ష్యము కాదు. అతిథి యెదుట కానుక విలువను తూచరాదని వారి వినయము. మనకు ఎఱ్ఱ లకోటా ఇచ్చినప్పుడు మనముకూడ అచ్చటనే విప్పి లెక్కింపరాదు.

మితిమీరిన విలువ గల వస్తువును ఈయరాదు. తిరిగి అంతటిది ఈయవలెనను భారము ఇంటివారిమీద పడును. పుచ్చుకొన్నవానికి నిద్రపట్టనీయని కానుక కానుక కాదు, అప్పు.

శాకాహారులైన మన వారు ఆ సంగతిని పిలిచిననాడే తెలుపవలెను. వడ్డించిన పిమ్మట తెలుపుట గృహిణిని బాధించుట. ఇందులో సిగ్గుపడవలసిన దేమియు లేదు. బౌద్ధాచారము గల చీనీయులలో అనేకులు నూతన సంవత్సరపు మొదటి దినమున శాకాహారమే భుజింతురు.

ఆ సంవత్సరము ఇంట మరణము సంభవించినవారు పండుగ చేసికొనరు. మన ఏటిసూతకము వంటిదే యిది. అట్టి యింటికి ఎఱ్ఱ కాగితము చుట్టిన కానుకతో పోరాదు. ముందుగా విచారించుకొనుట అవసరము.

మన పేట నేర్పిన పాఠము

ఇన్ని నియమములు విన్న విద్యార్థికి భయము కలుగవచ్చును. భయపడనక్కరలేదు. మన పేటలో పుట్టినవారు ఈ విద్యను ఉగ్గుపాలతోనే నేర్చుచున్నారు.

మన పేటకు కన్నడములో అరళెపేటె యని పేరు. అరళె యనగా ప్రత్తి. ఒకే వీధిని మూడు భాషలవారు మూడు పేర్లతో పిలిచినను దారి తప్పినవారు లేరు. సంక్రాంతినాడు కన్నడ గృహములవారు నువ్వులు, బెల్లము, కొబ్బరి, వేరుశెనగపప్పు కలిపి, చక్కెర అచ్చులతో, చెరకు ముక్కలతో ఇంటింటికి పంచుదురు. నువ్వులు బెల్లము తిని మంచి మాటలాడవలెనని వారి యాకాంక్ష. మన తెలుగు గృహములలో నువ్వులను పితృకార్యమునకును, శనిదానమునకును సంబంధించినవిగా తలచి, చేతినుండి చేతికి పుచ్చుకొనుటకు వెనుదీయువారు కలరు. ఆంధ్రదేశమున ఉపాధ్యాయ శిక్షణ పొంది ఈ నగరమునకు వచ్చిన మాకు, ఈ భేదము మొదటి సంక్రాంతినాడే కనబడినది. మన పేటలోని తెలుగు తల్లులు దీనిని ఎంతో కాలము క్రిందటనే పరిష్కరించియున్నారు. కన్నడ పిల్ల పళ్లెము తెచ్చినప్పుడు ఆ నువ్వులను కన్నడపు నువ్వులుగా గ్రహించి, కొంగు పట్టి పుచ్చుకొని, తమ అరిసెలను ఆ పళ్లెములో పెట్టి పంపుచున్నారు. ఇంతకంటె గొప్ప మర్యాద శాస్త్రము ఏ గ్రంథములోను లేదు.

చైత్ర పూర్ణిమ రాత్రి ధర్మరాయస్వామి ఆలయమునుండి వెడలు కరగ ఉత్సవము మన కాటన్‌పేటలోని తవక్కల్ మస్తాన్ దర్గాను దర్శించి పోవుట మనము ప్రతి సంవత్సరము చూచుచున్నాము. దేవతయే పొరుగువారి గడపను గౌరవించు ఊరిలో మనుష్యులు గౌరవింపకుండుట ఎట్లు?

కానుకను నిర్ణయించు విధము

పైన చెప్పిన విషయములను కంఠస్థము చేయుటకంటె, మూడు ప్రశ్నలు వేసికొనుట మేలు.

మొదటి ప్రశ్న: ఇంటివారు ఎవరు? చీనీయులందరు ఒక్క మాట మాట్లాడరు. కాంటన్ వారికి పనికివచ్చిన ప్రాస హొక్కియెన్ వారికి పనికిరాకపోవచ్చును. క్రైస్తవులైన చీనీయులు, ముస్లిములైన చీనీయులు కలరు. కొందరు యువకులు ఈ శంకలను లెక్కచేయరు. అయితే ఇంట అవ్వయో తాతయో యున్నచో, వారి చెవిని దృష్టియందుంచుకొని కానుకను నిర్ణయింపవలెను.

రెండవ ప్రశ్న: ఈ వస్తువు పేరు వారి భాషలో ఏమి? తెలియనిచో పిలిచిన స్నేహితునే ముందుగా అడుగవచ్చును. "మీ అమ్మమ్మగారికి ఏమి ఇష్టము?" అని అడిగిన బాలుని చూచి ఎవరును తప్పుపట్టరు, సంతోషింతురు.

మూడవ ప్రశ్న: ఇందులో మన గురుతు ఏది? అంతయు వారివలెనే కొనిపోయినచో మనము అద్దములో నీడవలె నిలుతుము. అంతయు మనవలెనే కొనిపోయినచో వారికి అర్థము కాని ఉత్తరమువలె నుందుము. ఉదాహరణమునకు, సింగపూరులో మేనమామ యింట నుండి చదువుకొను విద్యార్థిని అంగడిలో రెండు కమలాపండ్లు కొని, ఇంట అత్తగారు చేసిన ఎనిమిది అరిసెలను ఎఱ్ఱని డబ్బాలో పెట్టి, రెండు చేతులతో ఆ యింటి పెద్దావిడకు అందించినదనుకొనుడు. పండ్లు వారి భాషలో మాట్లాడును, అరిసెలు మన భాషలో మాట్లాడును, ఎఱుపును ఎనిమిదియు ఆ రెండింటికి నడుమ దుబాసీగా నిలుచును.

అదేవిధముగా చీనా స్నేహితుడు మన ఉగాదికి వచ్చి, తెలియక, మనకు నచ్చని వస్తువును కానుకగా తెచ్చినచో ఏమి చేయవలెను? రెండు చేతులతో పుచ్చుకొని, ఉగాది పచ్చడి పెట్టి, భోజనమైన పిమ్మట మన యాచారమును కథవలె చెప్పవలెను. మర్యాదలు తెలిసికొనుట ఇతరులను తప్పుపట్టుటకు కాదు, ఇతరులను నొప్పింపకుండుటకు.

విద్యార్థులారా! అల్పసంఖ్యాకుల భాష మాట్లాడువారికి రెండు దారులు సులభముగా తోచును. తమ యాచారమే లోకమునకు కొలబద్ద యని బిగిసికొనుట ఒకటి. తమ యాచారమునకు సిగ్గుపడి దానిని ఇంట దాచిపెట్టుట మరియొకటి. కానుక నిచ్చు విద్య ఈ రెండింటికిని నడుమ మూడవ దారిని చూపుచున్నది. వస్తువు మనది కావచ్చును. దాని అర్థము మాత్రము పుచ్చుకొనువారి భాషలో పుట్టును. ఆ భాషను నాలుగు మాటలైనను విచారించి తెలిసికొన్నవాడే నిజముగా కానుక నిచ్చినవాడు. "ఏడు" అను మాట గోడకు ఇరువైపుల ఎట్లు వినబడునో ఎఱిగిన మన పేట పిల్లలకు ఇది కష్టమైన విద్య కాదు. తల్లిదండ్రులు ఈ పాఠమును ఇంట తెలుగులోనే చదివించి, పొరుగింటి పళ్లెము వచ్చిననాడు ఆచరణలో చూపింపవలెనని మా కోరిక.

అభ్యాసము

1. చీనీయులు గడియారమును కానుకగా ఏల ఈయరు? మన భాషలో ధ్వనినిబట్టి వర్జించు మాట నొకదానిని చెప్పుము.

2. "నిండుకొను", "కొండెక్కు" అను మాటలను సొంత వాక్యములలో ప్రయోగింపుము. ఇట్టి మంగళవాక్యములను మరి మూడింటిని మీ అవ్వను అడిగి వ్రాసికొని రమ్ము.

3. కమలాపండ్ల మార్పిడికిని, మన వాయనమునకును గల పోలికను ఐదు వాక్యములలో వివరింపుము.

4. మీ వీధిలో కన్నడము, తమిళము లేక ఉర్దూ మాట్లాడు ఒక యింటివారిని అడిగి, వారి పండుగకు ఈయదగినవి రెండు, ఈయరానివి రెండు తెలిసికొని పట్టికగా వ్రాయుము. వారు చెప్పిన కారణమును వారి మాటలోనే తెలుగు లిపిలో వ్రాయుము.

5. ఎనిమిది, నాలుగు, నూటపదహారు: ఈ సంఖ్యలను గూర్చి మనకును చీనీయులకును గల భావములను తెలుపుము.